గోళ్ల రంగు చూసి పది మంది అడుగుతారు, జకాత్ సంగతి ఒక్కరూ అడగరు

నిఖత్_రాతలు
వేలికి రంగు కనిపిస్తే చాలు, "మరి వుజూ ఎలా?" అని, అంటే నమాజ్‌కి ముందు కడుక్కోవడం ఎలాగని, పది నోళ్లు లేస్తాయి. అదే మెడలో హారం కనిపిస్తే "ఎన్ని గ్రాములు?" అంటారే గానీ "జకాత్ (ఏటా పేదలకి తీయాల్సిన వంతు) తీశావా?" అనే నోరు ఒక్కటీ లేవదు. చామనఛాయ పిల్లకి ఏ క్రీము రాయాలో చెప్పే ఆపాలకి (అక్కలకి) కొదవ లేదు, ఆ డబ్బాలో ఏముందో చదివినవాళ్లే లేరు. దీన్ (ధర్మం) ఏదో, అలవాటు ఏదో, ఎవరి వెసులుబాటు ఏదో అంతా కలిపి రుబ్బేసి "అమ్మాయిలు ఇలా ఉండాలి" అని వడ్డిస్తున్నారు.

ఉపన్యాసాలు వద్దు. ఏది నీటిని ఆపుతుంది, ఏది ఆపదు, ఎందుకు? ఏది హదీసు (ప్రవక్త మాట), ఏది పక్కింటావిడ మాట? తెలిసినవాళ్లు విడదీసి చెప్పండి. మొదటి ప్రశ్న మీరు ఊహించిందే, "గాలి ఆడే" నెయిల్ పాలిష్. కాఫీ ఫిల్టర్ మీద రాసి నీళ్ల చుక్క వేసి చూపించే వీడియోలు నమ్మొచ్చా?

మధ్యలో_మాట
పక్కింటావిడ మాటని అంత తేలిగ్గా తీసేయకండి. సనద్ (ఎవరు ఎవరి దగ్గర విన్నారన్న వరస) గట్టిది. ఆవిడ వాళ్ల అత్తగారి దగ్గర విన్నారు, అత్తగారు తోటికోడలి దగ్గర, తోటికోడలు ఎవరి దగ్గరో గుర్తులేదు.

ఫిఖ్_పేజీలు
ముందు పునాది. ఖురాన్‌లోని సూరా (అధ్యాయం) మాయిదా 6వ ఆయతులో (వాక్యంలో) వుజూకి ఉన్నవి నాలుగు: ముఖం కడగడం, మోచేతులతో సహా చేతులు కడగడం, తలకి మసహ్ (తడి చేత్తో తుడవడం), చీలమండలతో సహా పాదాలు. ఫిఖ్ (ధర్మశాస్త్రం) బాటలు నాలుగు, వాటిలో హనఫీలకి ఫర్జ్‌లు, అంటే తప్పనిసరివి, ఈ నాలుగే. షాఫయీలు నియ్యత్‌నీ (సంకల్పాన్నీ) వరసనీ కలిపి ఆరు అంటారు. మాలికీలు చేత్తో రుద్దడం, మధ్యలో ఆపకుండా చేయడం కూడా తప్పనిసరి అంటారు. హంబలీలకి నోరు పుక్కిలించడం, ముక్కులో నీళ్లు వేయడం ముఖంలో భాగమే.

"కడగడం" అంటే చర్మం మీదా గోరు మీదా నీళ్లు పారాలి. తడి చెయ్యి తగిలిస్తే అది మసహ్ అవుతుంది, కడగడం కాదు. కాబట్టి ఏ వస్తువు గురించైనా అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. అది వట్టి రంగా, లేక పొరగా మందం ఉన్నదా? గోరింటాకు పండిన ఎరుపు వట్టి రంగు, నీటికి అడ్డం రాదు. అదే గోరింటాకు ముద్ద ఎండి వేళ్ల సందుల్లో అతుక్కుని ఉంటే అది పొర, గీకి తీయాలి. నెయిల్ పాలిష్ పొర. ఈ లెక్క పట్టుకుంటే సగం ప్రశ్నలు వాటంతట అవే తేలిపోతాయి.

ల్యాబ్‌కోటు
పాలిష్ సంగతి నేను చెప్తాను. మామూలు పాలిష్‌లో నైట్రోసెల్యులోజ్‌ని ఇథైల్ అసిటేట్, బ్యూటైల్ అసిటేట్ లాంటి ద్రావకాల్లో కరిగిస్తారు. ద్రావకం ఆవిరైపోతే గట్టి పొర మిగులుతుంది. "గాలి ఆడే" రకాల్లో ఆ పొరని ఆక్సిజన్, నీటి ఆవిరి కాస్త తేలిగ్గా దాటేలా పాలిమర్ మారుస్తారు. పోలండ్ కంపెనీ ఇంగ్లాట్ వాళ్ల ఓ2ఎం రకం మీద 2013లో ఈ చర్చ బాగా నడిచింది. ఇక్కడ పట్టుకోవాల్సిన మాట "ఆవిరి". రెయిన్‌కోట్ బట్టలు కూడా చెమట ఆవిరిని బయటికి పంపుతాయి, వాన చుక్కని లోపలికి రానివ్వవు. ఆవిరి దాటిందంటే నీళ్లు దాటినట్టు కాదు.

కాఫీ ఫిల్టర్ పరీక్షలో తప్పు ఒకటి కాదు. కాగితం పీచులతో ఉంటుంది కాబట్టి పాలిష్ లోపలికి ఇంకిపోయి పొరలో సూది బెజ్జాలు మిగులుతాయి. గోరు నున్నటి పలక, దాని మీద అలా జరగదు. వీడియోలో ఒక్క పూతే వేస్తారు, వాడకంలో బేస్ కోటు, రెండు పూతలు, పైన టాప్ కోటు. అన్నిటికంటే పెద్ద మోసం, చుక్క వేసి వేలితో రుద్దడం. ఆ ఒత్తిడికి కాగితం మీది పొర చిరిగి నీళ్లు దిగుతాయి, "చూశారా" అంటారు.

సరిగ్గా చూడాలంటే గాజు మీదో, నున్నటి ప్లాస్టిక్ షీటు మీదో మామూలుగా వేసుకునే అన్ని పూతలూ వేసి ఒక రోజంతా ఆరనివ్వండి. పొరని మెల్లగా ఒలిచి, టిష్యూ ముక్క మీద పరిచి, పైన ఒక చుక్క వేయండి. ముట్టుకోవద్దు. వుజూలో వేలి మీద నీళ్లు ఉండేది కొన్ని సెకన్లే కాబట్టి ఒక అర నిమిషం చాలు. టిష్యూ తడిసిందా లేదా చూడండి.

గడుసు_పిల్ల
అంటే ఇక మిగిలింది నెలసరి వల్ల నమాజ్ ఉండని ఆ వారం. ఆ వారం రంగు వేసుకుంటే వీధంతటికీ మైకులో ప్రకటించినట్టే కదా 🙂

తెర_వెనక
@గడుసు_పిల్ల అందుకే చాలామంది అతికించుకునే గోళ్లు వాడతారు. జిగురుతో కాదు, రెండువైపులా అంటుకునే పల్చటి టాబ్‌లు వస్తాయి, వాటితో. గోరుని గోరువెచ్చటి సబ్బు నీళ్లలో కాసేపు నాననిచ్చి పక్క నుంచి లేపితే వచ్చేస్తాయి. లాగితే మాత్రం గోరు పై పొర లేచి వస్తుంది. జిగురు గోళ్లు, జెల్ పాలిష్ అలా రావు. జెల్ తీయాలంటే పైన కొద్దిగా అరగదీసి, అసిటోన్‌లో ముంచిన దూది పెట్టి, ఫాయిల్ చుట్టి 10 నుంచి 15 నిమిషాలు ఉంచాలి. నెలసరి ఆగి గుస్ల్ (శుద్ధి స్నానం) చేసే పూట ఇదంతా గుర్తుండాలి. తీయకుండా గుస్ల్ చేస్తే గోళ్ల దగ్గర అది పూర్తి కానట్టే.

సూటిగా
వుజూ చేసుకుని ఆ తర్వాత పాలిష్ వేసుకుంటే మేజోళ్ల లాగా 24 గంటలు చెల్లుతుందని ఎక్కడో చదివాను. నిజమేనా?

ఫిఖ్_పేజీలు
@సూటిగా కాదండీ, అది రెండు వేర్వేరు విషయాల్ని ముడేయడం. వుజూ మీద రంగు వేసుకుంటే ఆ వుజూ విరిగేదాకా నమాజ్ చెల్లుతుంది. విరిగాక మళ్లీ వుజూకి రంగు తీయాల్సిందే. 24 గంటల మాట ఖుఫ్‌లది, అంటే తోలు మేజోళ్లది. వాటికి హదీసులో ప్రత్యేకంగా అనుమతి ఉంది: ఊళ్లో ఉన్నవాళ్లకి ఒక పగలూ రాత్రీ, ప్రయాణంలో ఉన్నవాళ్లకి మూడు పగళ్లూ రాత్రులూ. గోరు రంగుకి అలాంటి అనుమతి లేదు.

ఆ గడువు తొడిగినప్పటి నుంచి మొదలవదు, తొడిగాక మొదటిసారి వుజూ విరిగినప్పటి నుంచి. ఉదయం 6కి వుజూతో తొడిగి, 10కి విరిగితే, మరునాడు 10 దాకా పైన మసహ్ చేయొచ్చు. షరతులు: పూర్తి వుజూ మీద తొడగాలి, చీలమండ కప్పాలి, కట్టకుండానే కాలికి నిలవాలి, నీళ్లు ఇట్టే లోపలికి దిగకూడదు. పల్చటి నూలు సాక్సులకి హనఫీలు ఒప్పుకోరు. మందంగా ఉండి కాలికి నిలిచేవైతే హంబలీలు ఒప్పుకుంటారు. మసహ్ కూడా తడి వేళ్లతో పాదం పైభాగానికే, అడుగు భాగానికి కాదు.

నాలుగో_సఫ్
ఈ ఖుఫ్ సంగతి పనిచేసే ఆడపిల్లలకి ముందే చెప్పాల్సింది. ఆఫీసు వాష్‌బేసిన్‌లో కాలు పెట్టి కడుక్కోవడం, నేల తడపడం, తుడవడం, వెనక ఎవరో చూడటం... పొద్దున ఇంట్లో పూర్తి వుజూ చేసి తొడిగితే జుహ్ర్, అస్ర్‌లకి (మధ్యాహ్నం, సాయంత్రం నమాజ్‌లకి) ముఖం, చేతులు, తల, పైన మసహ్, రెండు నిమిషాల పని. తలకి కూడా హనఫీల లెక్కలో పావు భాగం తడిస్తే సరిపోతుంది. హిజాబ్ మొత్తం విప్పనక్కర్లేదు, నుదుటి దగ్గర వదులు చేసి తడి చెయ్యి లోపలికి పోనిస్తే చాలు.

ప్రివిలేజ్ అంటే బంగారం, చదువు అనే అనుకుంటాం. వుజూకి ఓ మూల, తలుపు గడియ, పది నిమిషాల విరామం ఉండటం కూడా ప్రివిలేజే. అవన్నీ ఉన్నవాళ్లు "టైముకి నమాజ్ కుదరకపోవడమేంటి?" అనడం తేలిక.

మధ్యలో_మాట
మసీదులో ఆడవాళ్ల వుజూ చోటు చూసి మాట్లాడండి ముందు. కుళాయి నడుము ఎత్తులో, హిజాబ్ తగిలించడానికి మేకు లేదు, నేలంతా నీళ్లు. ఖుత్బా (శుక్రవారం ఉపన్యాసం) స్పీకరు మాత్రం మగవాళ్ల హాల్లో మూడు.

నాలుగో_సఫ్
@మధ్యలో_మాట ఎగతాళి కాదు గానీ, కట్టేటప్పుడు అడగాల్సినవి నిజంగానే ఇవే. కూర్చునే అరుగు 40-45 సెంటీమీటర్ల ఎత్తులో, కుళాయి దానికి కాస్త పైన, నీళ్లు పడే చోటు అడుగు దిగువన ఉండాలి. అప్పుడు కాలు ఎత్తకుండా కడుక్కోవచ్చు, అబాయా అంచు తడవదు. ఒక్కో కుళాయి దగ్గర రెండు కొక్కేలు, ఒకటి హిజాబ్‌కి, ఒకటి సంచీకి. నేల వాలు కాలువ వైపు ఉండాలి, గుమ్మం వైపు కాదు. అద్దం ఒకటి, తలుపులోంచి కనపడని గోడకి. మగవాళ్ల చూపు పడని దారి. నమాజ్ హాల్లో స్పీకరుకి విడిగా వాల్యూమ్ ఉండాలి, ఇమామ్ రుకూలో (వంగి) ఉన్నారో సజ్దాలో (సాష్టాంగంలో) ఉన్నారో తెలియకపోతే వెనక వరసలన్నీ తప్పుతాయి. "అల్లాహ్ దాసీలను అల్లాహ్ మసీదుల నుంచి ఆపకండి" అన్నది బుఖారీ, ముస్లిం అనే హదీసు గ్రంథాలు రెండింట్లోనూ ఉంది. ఆపడమంటే తలుపు మూయడమొక్కటే కాదు.

నీళ్ల సంగతి కూడా. ప్రవక్త వుజూకి ఒక ముద్ద్ వాడేవారని హదీసు. అంటే లీటరులో ఇంచుమించు మూడింట రెండు వంతులు, ఒక చిన్న సీసా. కుళాయి పూర్తిగా తిప్పి వదిలితే నిమిషంలో దానికి ఎన్నో రెట్లు పోతాయి. సీసాతో చేసి చూస్తే అలవాటవుతుంది.

సూటిగా
నా మాట ఎవరికీ నచ్చదని తెలుసు. అసలు ఈ అలంకరణ ఎందుకు? నూర్ సూరా 31 చదివితే చర్చే ఉండదు.

నిఖత్_రాతలు
31 చదివేవాళ్లు 30 దాటుకునే వస్తారు కదా. చూపు దించుకోమని ముందు చెప్పింది మగవాళ్లకి.

ఫిఖ్_పేజీలు
@సూటిగా 31లో జీనత్‌ని (అలంకరణని) దాచమన్నారు, ఎవరి ముందు దాచనక్కర్లేదో కూడా వరసగా చెప్పారు. అలంకరణే ఉండకూడదంటే ఆ జాబితా ఎందుకు? "అల్లాహ్ అందమైనవాడు, అందాన్ని ప్రేమిస్తాడు" అనే హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. అది ఎప్పుడొచ్చిందో చూడండి. ఆవగింజంత గర్వం ఉన్నా స్వర్గం లేదని ప్రవక్త అంటే, మంచి బట్టలూ మంచి చెప్పులూ ఇష్టపడే మనిషి సంగతేమిటని ఒకరు అడిగారు. దానికి జవాబు అది. వెంటనే గర్వమంటే ఏమిటో కూడా చెప్పారు: సత్యాన్ని తోసిపుచ్చడం, మనుషుల్ని చిన్నచూపు చూడటం. ఇప్పుడు చెప్పండి, పెళ్లిచూపుల్లో పిల్ల రంగు చూసి మొహం ముడుచుకోవడం ఇందులో దేని కింద వస్తుంది?

సూటిగా
అది ఒప్పుకుంటాను. కానీ కనుబొమల సంగతి? అది సూటిగా హదీసే.

ఫిఖ్_పేజీలు
అవును. ప్రవక్త సహచరుడు ఇబ్ను మస్ఊద్ చెప్పిన హదీసులో పచ్చబొట్టు పొడిచేవాళ్లు, పొడిపించుకునేవాళ్లు, కనుబొమలు పీకేవాళ్లు, అందం కోసం పళ్లు అరగదీసి సందులు చేసుకునేవాళ్లు అందరికీ శాపం ఉంది. జుట్టుకి జుట్టు అతికించడం గురించి వేరే హదీసులున్నాయి. తేడా ఎక్కడంటే "నమ్స్" అంటే ఏమిటన్న దగ్గర. కొందరు కనుబొమకే పరిమితం అంటారు, కొందరు ముఖం మీది వెంట్రుకలన్నీ అంటారు. ఆడవాళ్లకి గడ్డం, మీసం మొలిస్తే తీయొచ్చనీ, తీయడమే మంచిదనీ హనఫీ పుస్తకాల్లో ఉంది. రెండు కనుబొమల మధ్య కలిసిపోయిన చోటు గురించి కొందరు వదిలేస్తారు, కొందరు వదలరు. మైక్రోబ్లేడింగ్‌లో సూదితో చర్మం కింద రంగు నింపుతారు కాబట్టి అది పచ్చబొట్టు కిందికే వస్తుందని ఎక్కువమంది. పెన్సిల్‌తో దిద్దుకోవడం వట్టి రంగు, మైనం రకమైతే వుజూకి ముందు తుడవాలి.

గడుసు_పిల్ల
కనుబొమ హదీసు అందరికీ నోటికొచ్చు. "అల్లాహ్ మీ రూపాల్నీ మీ ఆస్తుల్నీ చూడడు, మీ హృదయాల్నీ పనుల్నీ చూస్తాడు", ఇదీ సహీహ్ ముస్లిమే. పెళ్లి సంబంధాల గ్రూపుల్లో "తెల్లగా, సన్నగా" అని రాసే చేతికి ఇది గుర్తుండదు.

చర్మం_ముచ్చట
ఆ "తెల్లగా" దగ్గరికే వస్తున్నాను, ఇది గోళ్లకంటే ప్రమాదం. రంగు తెప్పించే చవక క్రీముల్లో రెండు రకాల విషాలు దొరుకుతాయి.

ఒకటి పాదరసం. మెలనిన్ తయారయ్యే మెట్టు దగ్గరే అడ్డుపడుతుంది, అందుకే వారాల్లో తెలుపు కనిపిస్తుంది. చర్మంలోంచి ఒంట్లోకి దిగి మూత్రపిండాల్ని పాడు చేస్తుంది. కాళ్ల వాపు, మూత్రంలో నురగ వస్తే ఆలస్యం చేయొద్దు. క్రీము రాసిన తల్లిని హత్తుకునే పసిపిల్లకీ, అదే తువ్వాలు వాడేవాళ్లకీ తగులుతుంది. గుర్తు పట్టడం ఎలాగంటే, డబ్బా మీద "బంగారం, వెండి, అల్యూమినియం, రబ్బరు తగలనీయవద్దు" అని ఉంటే అనుమానించండి. పాదరసం ఆ లోహాలతో కలిసి వాటిని పాడుచేస్తుంది కాబట్టే ఆ హెచ్చరిక. "మెర్క్యూరస్ క్లోరైడ్", "కాలోమెల్", "అమోనియేటెడ్ మెర్క్యూరీ" అన్నీ ఒకటే. దినుసుల జాబితాయే లేకపోతే ఇంకా అనుమానించండి. 2017లో అమల్లోకి వచ్చిన మినమాటా ఒప్పందం సౌందర్య సాధనాల్లో 1 పీపీఎం (పది లక్షల్లో ఒక భాగం) దాటకూడదంది. 2023లో ఆ కాస్త గడపని కూడా తీసేసి పాదరసం కలపనే కూడదని దేశాలు తేల్చాయి. అయినా లేబుల్ లేని డబ్బాలు వస్తూనే ఉన్నాయి.

రెండోది స్టెరాయిడ్. బీటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్ లాంటివి. ఎగ్జిమా లాంటి చర్మ జబ్బులకి డాక్టరు కొన్నాళ్లు రాసే మందుని ముఖానికి నెలల తరబడి రాస్తారు. మొదట మెరుపు వస్తుంది. తర్వాత చర్మం పల్చబడి ఎర్రటి నరాలు కనపడతాయి, మొటిమలు, ముఖం మీద వెంట్రుకలు, ఎండ తగిలితే మంట. ఆపితే ముఖం భగ్గుమంటుంది, "క్రీము ఆపడం వల్లే" అనుకుని మళ్లీ రాస్తారు. ఉచ్చు అక్కడే. ఒక్కసారిగా ఆపేయకుండా చర్మ డాక్టరుతో మెల్లగా దింపాలి.

నిఖత్_రాతలు
అరబ్బుకి అరబ్బు కానివాడి మీదా, తెల్లవాడికి నల్లవాడి మీదా ఆధిక్యం లేదని ప్రవక్త హజ్ ఉపన్యాసంలో విన్న సముదాయం, మూత్రపిండాల్ని పణంగా పెట్టి తెల్లబడుతోంది. ఇంకేం అనాలో తోచట్లేదు.

మధ్యలో_మాట
సుర్మా (కంటికి పెట్టే నల్ల పొడి) మాత్రం వదలండి డాక్టరుగారూ, సున్నత్ (ప్రవక్త అలవాటు) అది.

ల్యాబ్‌కోటు
@మధ్యలో_మాట సున్నత్‌లో ఉన్న మాట ఇథ్మిద్. దాన్ని ఆంటిమొనీ ఖనిజమని చెప్తారు. డబ్బా మీద ఆ పేరే ఉంటుంది, లోపల మాత్రం చాలాసార్లు గెలీనా, అంటే సీసం సల్ఫైడ్. రెండూ నల్లగా మెరుస్తాయి, కంటికి తేడా తెలియదు. సీసం పిల్లల మెదడుకి చేసే హాని తిరిగి బాగుపడదు. పసివాళ్ల కళ్లకి అసలు వద్దు. పెద్దవాళ్లు నలుపు కోసమే పెట్టుకుంటే కార్బన్ బ్లాక్ (రంగు కోడు సీఐ 77266) గానీ ఐరన్ ఆక్సైడ్ (సీఐ 77499) గానీ రాసున్నవి చూసుకోండి. నల్ల గోరింటాకూ ఇంతే. ఆకులోని లాసోన్ నారింజ నుంచి ఎర్ర గోధుమ రంగు దాకా వెళ్తుంది, నల్లబడదు. అరగంటలో నల్లగా పండిందంటే అందులో జుట్టు రంగుల్లో వాడే పీపీడీ అనే రసాయనం కలిసినట్టే, బొబ్బలు రావచ్చు.

తెర_వెనక
మస్కారా ఎవరూ చెప్పలేదు. వాటర్‌ప్రూఫ్ అంటేనే నీళ్లు ఆపేది, పేరులోనే ఫత్వా ఉంది. ట్యూబింగ్ మస్కారా అని ఒకటి వస్తుంది, రెప్ప వెంట్రుకకి చిన్న గొట్టంలా చుట్టుకుని గోరువెచ్చటి నీళ్లతో మెల్లగా ఒత్తితే ఒలిచినట్టు వచ్చేస్తుంది, నూనె క్లెన్సర్ అక్కర్లేదు. ఒక్కొక్కటిగా అతికించే ఎక్స్‌టెన్షన్ రెప్పల జిగురు సైనోయాక్రిలేట్, అంటే ఫెవిక్విక్ కుటుంబమే. వారాల తరబడి ఉంటుంది, ప్రతి వుజూకీ అడ్డం.

గడుసు_పిల్ల
సన్‌స్క్రీన్?

చర్మం_ముచ్చట
మామూలు లోషన్ రకాలు చర్మంలో కలిసిపోతాయి, జిడ్డు మీద నీళ్లు ముత్యాల్లా జారినా చర్మం తడుస్తుంది, దానికి ఇబ్బంది లేదనే ఎక్కువ మంది పండితుల మాట. తెల్లటి పూతలా కనిపించే జింక్ ఆక్సైడ్ అయితే తుడిచి కడగండి. రెండు వేళ్ల పొడవునా పిండినంత ముఖానికీ మెడకీ కావాలి, చాలామంది అందులో సగం కూడా రాయరు. ఎలాగూ రెండు గంటలకోసారి మళ్లీ రాయమంటారు, జుహ్ర్ వుజూ తర్వాత ఒకసారి, అస్ర్ తర్వాత ఒకసారి రాస్తే నమాజే అలారం.

ఒళ్లంతా కప్పుకునేవాళ్లు విటమిన్ డి పరీక్ష కూడా చేయించుకోవాలి. 25-హైడ్రాక్సీ విటమిన్ డి అని అడగండి. మిల్లీలీటరుకి 20 నానోగ్రాములకంటే తక్కువుంటే లోపం అంటారు. వారానికోసారి వేసే పెద్ద మోతాదు గుళికలు డాక్టరు చెప్పకుండా నెలల తరబడి మింగొద్దు, కాల్షియం పెరిగి వేరే చిక్కులొస్తాయి.

కుచ్చిళ్లు
హిజాబ్ వల్ల జుట్టు రాలుతుందని నింద, నిజానికి దోషం కింద వేసే ముడిది. రోజూ అదే చోట బిగించి కడితే నుదుటి దగ్గర, చెవుల పైన వెంట్రుకలు పల్చబడతాయి. మొదట్లో గుర్తిస్తే తిరిగొస్తాయి, ఏళ్లు గడిస్తే కుదుళ్లే పోతాయి. ముడి ఒక రోజు కిందకి, ఒక రోజు పక్కకి, వదులుగా వేయాలి. రబ్బరు బ్యాండు బదులు గుడ్డ చుట్టిన బ్యాండు వాడాలి. తడి జుట్టు మీద అసలు కట్టొద్దు, లోపల ఉక్కకి చుండ్రు, ముక్క వాసన. ఫజ్ర్‌కి (తెల్లవారుజాము నమాజ్‌కి) ముందు తలస్నానం చేస్తే ఆరే సమయం ఉండదు కాబట్టి రాత్రికి మార్చుకోండి.

బట్ట సంగతి: షిఫాన్ జారుతుంది, కింద నూలు టోపీ లేకపోతే గంటకోసారి సర్దుకోవడమే. పాలిస్టర్ షిఫాన్ వేడి పట్టేస్తుంది. జెర్సీకి పిన్ను అక్కర్లేదు, కానీ ఉతికిన కొద్దీ సాగుతుంది, ఆరేసేటప్పుడు వేలాడదీయకుండా పరచాలి. మోడాల్, విస్కోస్ బట్టలు మెత్తగా నిలుస్తాయి, ముడతలు పడతాయి. 70 సెంటీమీటర్ల వెడల్పు, 180 పొడవు ఉంటే ఛాతీ కప్పడానికి సరిపోతుంది. సూది పిన్నులు షిఫాన్‌కి దారాలు లాగుతాయి, తుప్పు మరకలు పోవు. అయస్కాంతం పిన్నులు మేలు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లు తప్ప.

నాలుగో_సఫ్
ఆటలాడే పిల్లలకి సాగే బట్టతో కుట్టిన పిన్నుల్లేని రకం ఉంటుంది, గట్టిగా లాగితే ఊడివచ్చేలా. మెడకి చుట్టుకుంటుందన్న భయంతోనే ఫుట్‌బాల్లో ఆపారు. ఫిఫా 2014లో, బాస్కెట్‌బాల్ ఫిబా 2017లో ఒప్పుకున్నాయి. అమెరికా క్రీడాకారిణి ఇబ్తిహాజ్ ముహమ్మద్ 2016 రియో ఒలింపిక్స్‌లో హిజాబ్‌తో కత్తిసాము ఆడి జట్టు కాంస్యం తెచ్చింది.

గడుసు_పిల్ల
ఆ మరుసటి ఏడాదే ఆమె పేరున బార్బీ బొమ్మ వచ్చింది. హిజాబ్‌కి మార్కెట్ ఉందని తెలిసేసరికి తలుపులన్నీ తెరుచుకున్నాయి. హలీమా అదెన్ హిజాబ్‌తో ఫ్యాషన్ మోడల్‌గా పేరు తెచ్చుకుని, 2020 నవంబరులో ఆ పని వదిలేసింది, దీన్ విషయంలో రాజీ పడాల్సి వస్తోందని. వాళ్లకి కావాల్సింది తల మీది గుడ్డ, ఆ గుడ్డ ఎందుకు కట్టుకుందో కాదు.

సూటిగా
ఈ ఒక్క విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. రాసి పెట్టుకోండి.

మధ్యలో_మాట
స్క్రీన్‌షాట్ తీశాను.

నిఖత్_రాతలు
"హలాల్" ముద్ర ఉన్న లిప్‌స్టిక్‌లు? అవి కొనే స్తోమత లేనివాళ్లు లేబుల్‌లో ఏం చూడాలి?

ల్యాబ్‌కోటు
ముద్ర లేకపోయినా చదవొచ్చు. "ఆల్కహాల్" అని కనపడగానే పారేయకండి. సెటైల్, సెటియరైల్, స్టియరైల్ ఆల్కహాల్ మైనంలాంటి కొవ్వులు, మత్తుకీ వాటికీ సంబంధం లేదు. వట్టిగా "ఆల్కహాల్" అనో "ఆల్కహాల్ డీనాట్" అనో ఉంటే అది ఇథనాల్. లిప్‌స్టిక్‌లో చూడాల్సింది కార్మైన్ (సీఐ 75470), కోచినీల్ పురుగుల నుంచి తీసే ఎరుపు. పెదాల మీదిది కొంత కడుపులోకే పోతుంది కాబట్టి ప్రశ్న వస్తుంది. గ్లిజరిన్, స్టియరిక్ యాసిడ్, కొలాజెన్ మొక్కవో జంతువువో లేబుల్ చెప్పదు, కంపెనీకి రాసి అడగాలి. "వీగన్" అని ఉంటే జంతువుల బాధ తీరినట్టే, ఇథనాల్ మాత్రం విడిగా చూసుకోవాలి. లానొలిన్ గొర్రె ఉన్ని జిడ్డు, ఇబ్బంది లేదు.

ఫిఖ్_పేజీలు
కార్మైన్ హనఫీల దగ్గర కుదరదు, మాలికీలు పురుగుల విషయంలో వెసులుబాటిస్తారు. ద్రాక్ష, ఖర్జూరం నుంచి కాని ఇథనాల్ పైపూతకి పర్వాలేదని నేటి హనఫీ ముఫ్తీలు చాలామంది అంటారు. ముద్ర కావాలంటే మలేషియా ప్రభుత్వ సంస్థ జాకిమ్‌ది పాతదీ నమ్మకమైనదీ. ఇండోనేషియా 2014 నాటి 33వ చట్టంతో హలాల్ ముద్రని తప్పనిసరి చేసింది, సౌందర్య సాధనాలకి గడువు 2026 అక్టోబరు.

లెక్కల_ఆపా
అందరూ గోళ్ల దగ్గరే ఆగిపోయారు, టైటిల్‌లో జకాత్ ఉంది తల్లీ. వినండి.

హనఫీ లెక్కలో ఒంటి మీద పెట్టుకునే నగలకీ జకాత్ ఉంది. మిగతా మూడు మజ్‌హబ్‌లు (ఫిఖ్ బాటలు) వాడుకునే నగల్ని వదిలేస్తాయి, దాచిపెట్టిన బంగారాన్ని వదలవు. మీరు ఏ మజ్‌హబ్ ప్రకారం నమాజ్ చదువుతారో జకాత్ కూడా దాని ప్రకారమే. నమాజ్‌కి హనఫీ, నగలకి షాఫయీ కుదరదు.

నిసాబ్, అంటే జకాత్ మొదలయ్యే హద్దు, బంగారానికి 87.48 గ్రాములు, వెండికి 612.36. ఒట్టి బంగారం తప్ప ఇంకేమీ లేకపోతే 87.48 చూస్తారు. చేతిలో కాస్త నగదో వెండో కూడా ఉంటే అన్నిటి విలువ కలిపి వెండి నిసాబ్‌తో పోలుస్తారు, అది చాలా తక్కువ కాబట్టి 30 గ్రాముల గొలుసున్న అమ్మాయి కూడా చాలాసార్లు అందులోకి వచ్చేస్తుంది. ఉన్న అప్పుల్ని ఆ లెక్కలోంచి తీసేయాలి. చాంద్రమాన సంవత్సరం, అంటే 354 రోజులు గడవాలి. ఆ తేదీ రాసి పెట్టుకోండి, ప్రతి ఏడూ అదే తేదీ.

ఇవ్వాల్సింది నలభైలో ఒక వంతు. 120 గ్రాములుంటే 3 గ్రాములు, లేదా ఆ రోజు అమ్మితే వచ్చే విలువ. మజూరీ, తరుగు కలపొద్దు. 22 క్యారెట్ల నగలో రాగి కలిసినా బంగారమే ఎక్కువ కాబట్టి హనఫీలు నగ బరువంతా బంగారంగానే లెక్కేస్తారు.

పెళ్లిలో నీకిచ్చిన నగ, నీ మహ్ర్ (పెళ్లిలో వరుడు ఇచ్చేది) నీ సొత్తు, జకాత్ నీ మీదే. భర్త నీకు చెప్పి నీ తరపున ఇవ్వొచ్చు. "మా ఆయన చూసుకుంటారు" అని ఊరుకుంటే, ఆయన "ఆమె నగలే కదా" అని ఊరుకుంటే, ఏళ్లు గడిచిపోతాయి. గడిచిన ఏళ్లకి ఏడాదికొక లెక్క కట్టి ఇవ్వాలి. చేతిలో డబ్బు లేదంటే ఒక ఉంగరం అమ్మైనా సరే.

సూటిగా
లాకరులో ఉన్నదానికి కూడానా?

లెక్కల_ఆపా
వాడకుండా దాచడానికే లాకరులో పెట్టినదానికి నాలుగు మజ్‌హబ్‌లూ అవుననే అంటాయి నాయనా.

నిఖత్_రాతలు
ఆపా, ఒక సందేహం. హారంలో రాళ్లు ఉంటే?

లెక్కల_ఆపా
రాళ్లకీ ముత్యాలకీ జకాత్ లేదు, అమ్మకానికి పెట్టిన సరుకైతే తప్ప. రసీదులో మొత్తం బరువు, నికర బరువు అని రెండుంటాయి, నికర బరువు తీసుకో. రసీదు లేకపోతే కంసాలి రాళ్లు తీయకుండానే అంచనా బరువు చెప్తాడు, ఒక గ్రాము ఎక్కువే వేసుకో.

మధ్యలో_మాట
అందుకే ఇవాళ రేపు రాళ్ల హారాలు అంతగా నడుస్తున్నాయన్నమాట.

లెక్కల_ఆపా
మరి మీ ఇంట్లో నికర బరువు ఎంతో చెప్పండి, ఇక్కడే లెక్క కడదాం.

మధ్యలో_మాట
అస్ర్ టైమైంది, మళ్లీ వస్తా.